4186 తర్వాత 4188

మల్లేశ్ ఆ ఆఫీసు మెట్లెక్కి వచ్చేసరికి పొద్దున పదకొండు దాటింది. వనపర్తిలో ఎరువుల దుకాణం పైన ఉన్న రెండు గదులే ఆ ఆఫీసు. ఎనిమిది మంది పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. బడులకు, రైస్ మిల్లులకు, దవాఖానలకు కావలసిన ప్రోగ్రాములు రాసిచ్చేవాళ్లు. యజమాని మల్లికార్జున్ ఆ రోజు పని మీద గద్వాల పోయాడు. అందుకని తలుపుకు దగ్గరగా కూర్చున్న సుమనే లేచి, "ఎవరు కావాలె అన్నా?" అని అడిగింది.

"నాగర్‌కర్నూల్ల రక్తం కడిగే సెంటర్ ఉంది గద మేడం. దాని కంప్యూటర్ పని జేసింది మీరేనట. ఆడ అడిగితే మీ అడ్రసు ఇచ్చిన్రు."

నలభై అయిదేళ్లుంటాయేమో అతనికి. గడ్డం మాసి ఉంది. చెప్పులు గడప బయటే విడిచి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడే ఉన్నాడు.

ఆ ప్రోగ్రాం సుమన రాసిందే. గోపాల్‌పేట నుంచి రోజూ బస్సులో వచ్చి ఈ కంపెనీలో చేరిన కొత్తలో, ఒంటరిగా మొదటినుంచి చివరిదాకా చేసిన మొదటి పని అది. కిడ్నీలు చెడిపోయినవాళ్లకు డయాలసిస్ చేసే ఆ సెంటర్‌ను ఒక ట్రస్టు నడుపుతోంది. మెషీన్లు తక్కువ, మనుషులు ఎక్కువ. పగటి పూట నెంబరు దొరకాలంటే తెల్లవారకముందే వచ్చి లైన్లో నిలబడాల్సి వచ్చేది. సుమన ప్రోగ్రాం వచ్చాక ఆ బాధ తప్పింది. కౌంటర్లో వారానికి సరిపడా నెంబర్లు వేస్తారు, వేయగానే రోగి ఫోనుకు మెసేజ్ పోతుంది. ఆ రోజు, ఆ గంటకు వస్తే చాలు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆమెకు లోపల్లోపల గర్వంగా ఉండేది.

మల్లేశ్ జేబులోంచి ఫోను తీసి మెసేజ్ చూపించాడు.

"జములమ్మ గారూ, శుక్రవారం ఉదయం 7 గంటలకు మీ డయాలసిస్ ఖాయమైంది. నెంబర్ 4187."

"ఈమె మా ఇంటామె. మాది బిజినేపల్లి మేడం. ఆ శుక్రారం మొదటి బస్సుకే పోయినం. ఆడ లిస్టుల పేరు లేదన్నరు. గిదో మెసేజ్ అని చూపిస్తే, కంప్యూటర్ల లేకుంటె మేమేం జేస్తం అన్నరు. మెషీన్లన్ని నిండి ఉన్నయి. మధ్యానం దాకా కూసున్నం. సోమారం రమ్మన్నరు. ఇంటికి తోలుకొచ్చిన." ఫోను సుమన చేతిలో పెట్టాడు. "ఐతారం పొద్దుగాల దమ్ము ఆడలే. అంబులెన్స్‌ల ఎక్కించినం. పెద్ద దవాఖాన దాకా పోనే లేదు."

సుమన చేతిలో ఫోను అలాగే ఉండిపోయింది.

"ఎన్ని దినాలయింది అన్నా?"

"మూడు వారాలు కావొస్తుంది. నాకు కొట్లాట ఏమొద్దు మేడం. నాకొక కాగితం కావాలె. ఆ శుక్రారం ఆమెకు నెంబర్ ఉండె అని రాసి, ముద్ర ఏసి ఇయ్యిన్రి. అంతే."

కాగితం ఎందుకో కూడా చెప్పాడు. జములమ్మ పుట్టిల్లు మానవపాడు. ఆమె తమ్ముడు కురుమూర్తి దినాలయ్యాక సెంటర్‌కు వెళ్లి అడిగాడు. వాళ్లు కంప్యూటర్ తిప్పి చూపించారు. ఆ శుక్రవారం జములమ్మ పేరు ఎక్కడా లేదు. చేలో వేరుశనగ పల్లి పీకుతున్న రోజులవి. కూలోళ్లు దొరికిన పూట పోతే మళ్లీ దొరకరని, మల్లేశ్ ఆమెను తీసుకుపోకుండా ఇంట్లోనే పడేశాడని, ఆ మెసేజ్ ఎవరితోనో పుట్టించి చూపిస్తున్నాడని కురుమూర్తి నమ్మాడు. పదో తరగతి చదువుతున్న మల్లేశ్ కూతురు మానసను మానవపాడుకు తీసుకుపోయాడు. అప్పటినుంచి తండ్రి ఫోను చేస్తే ఆ పిల్ల ఎత్తడం లేదు.

"పిల్ల నిద్ర లేవకముందే మేము బస్సెక్కినం మేడం. ఆమె సూడలే. మామ ఏం జెప్తే అదే అనుకుంటుంది."

సుమన తన కంప్యూటర్ ముందు కూర్చుని వెతికింది. జములమ్మ పాత బుకింగులన్నీ ఉన్నాయి, ఆ శుక్రవారానిది లేదు. పంపిన మెసేజ్‌లను రాసి ఉంచే పట్టిక తెరిచింది. అందులోనూ లేదు. ఒక క్షణం ఆమెకు కూడా అనుమానం వచ్చింది. ఈ మనిషి అబద్ధం చెబుతున్నాడేమో. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. అప్పుడు మెసేజ్‌లోని నెంబరును మళ్లీ చూసి, బుకింగులను వరుసలో పెట్టింది.

4185. 4186. 4188. 4189.

మధ్యలో 4187 లేదు.

"అన్నా, నువ్వు జర కూసో. నాకు సాయంత్రం దాకా టైం ఇయ్యి" అంది.

మల్లేశ్ కూర్చోలేదు. కిందికి దిగి ఎరువుల దుకాణం అరుగు మీద, సాయంత్రం దాకా, అక్కడే ఉన్నాడు.

ఆ ప్రోగ్రాంలో ఒక నెంబరు వేయడమంటే మూడు నాలుగు చోట్ల రాయడం. బుకింగ్ పట్టికలో రోగి పేరు చేరాలి, ఆ షిఫ్టులో ఒక ఖాళీ తగ్గాలి, ఆరోగ్య కార్డు పట్టికలో ఒక వరుస పడాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా మిగతావి కూడా చెరిగిపోవాలి. సగం రాసి సగం వదిలేస్తే గందరగోళం. అందుకే వాటన్నిటినీ కలిపి ఒక ట్రాన్సాక్షన్‌లో పెడతారు. అన్నీ సరిగ్గా అయ్యాక చివర కమిట్ అయితేనే రాసినవి నిలుస్తాయి. లేదంటే రోల్‌బ్యాక్ అయి, అసలేమీ రాయనట్టే ఉంటుంది. ఇంతవరకు సుమన సరిగ్గానే చేసింది.

మెసేజ్ పంపే పనిని మాత్రం ఆమె కమిట్ తర్వాత పెట్టలేదు. బుకింగ్ సేవ్ కాగానే దానంతటదే నడిచే కాల్‌బ్యాక్‌లో పెట్టింది. అప్పుడు అదే సులువనిపించింది. సేవ్ అయిందంటే అయినట్టే కదా అనుకుంది. కానీ ఆ సేవ్ ట్రాన్సాక్షన్ మధ్యలో జరిగే సేవ్. దాని తర్వాత ఇంకా రెండు మెట్లున్నాయి. అక్కడ ఏదైనా తప్పితే పట్టికలో పేరు చెరిగిపోతుంది. ఫోనుకు పోయిన మెసేజ్‌ను మాత్రం ఏ రోల్‌బ్యాకూ వెనక్కి తేలేదు. పంపినట్టు రాసుకున్న వరుస కూడా అదే ట్రాన్సాక్షన్‌లో ఉంది కాబట్టి అదీ చెరిగిపోతుంది. ఒక్క నెంబరు మాత్రం మిగులుతుంది. ఒకసారి వాడిన నెంబరును డేటాబేస్ మళ్లీ ఎవరికీ ఇవ్వదు. ఆ చోట ఖాళీ అలాగే ఉండిపోతుంది.

మరి తప్పిందెక్కడ? మల్లేశ్ దగ్గరున్న జములమ్మ కార్డు అడిగి చూస్తే అదీ తెలిసింది. ఆ నెలలోనే ఆమె కార్డు రెన్యువల్ అయింది. కొత్త కార్డు నెంబరుకు చివర ఒక అక్షరం అదనంగా వచ్చింది. కార్డు నెంబరు రాసే గడికి సుమన పెట్టిన పొడవు ఒక్క అక్షరం తక్కువ. కార్డు వరుస పడక, అంతా చెరిగిపోయింది.

ప్రోగ్రాం ఇంకో కాపీలో, కొత్త కార్డు నెంబరు కొట్టి, తన ఫోను నెంబరు పెట్టి, ఆమె బటన్ నొక్కింది. తెర మీద ఇంగ్లీషులో ఒక ఎర్ర వాక్యం వచ్చింది. బల్ల మీద ఆమె ఫోను మోగింది. డయాలసిస్ ఖాయమైందని మెసేజ్. పట్టిక తెరిచి చూస్తే ఏమీ లేదు.

సాయంత్రం దాకా కూర్చుని ఇలాంటి ఖాళీలు ఇంకెన్ని ఉన్నాయో లెక్కపెట్టింది. పదకొండు. 4187 తర్వాత ఒక వారం లోపల మూడు ఉన్నాయి, ఆ తర్వాత ఒక్కటీ లేదు. ఎందుకో అర్థం కాక సెంటర్‌లో పనిచేసే టెక్నీషియన్ సుప్రియకు ఫోను చేసింది.

"ఎర్రగ వస్తుండె అక్కా. కార్డు చివరి అక్షరం కొట్టకపోతే ఆ ఎర్రది రాదని మా కౌంటర్ల ఆమె కనిపెట్టింది. అప్పటి నుంచి గట్లనే కొడుతున్నం" అంది సుప్రియ.

"ఎర్రగ వచ్చినప్పుడు ముందు ఏం జేసేటోళ్లు?"

"మెసేజ్ వచ్చిందా అని పేషెంటును అడిగేటోళ్లం. వచ్చిందంటే అయిపోయినట్టే గద."

"లిస్టుల పేరు లేకుండ మెసేజ్ చూపిస్తూ ఎవరెవరు వచ్చిన్రో యాదికున్నరా?"

సుప్రియ గుర్తు చేసుకుంటూ చెప్పింది. "ఒక ముసలాయన వచ్చిండు. ఇంకొకామె ఏడ్చుకుంట పోయింది. పాత మెసేజ్ చూపిస్తున్నరు అనుకున్నం అక్కా. దినాం ఇంతమంది. పేర్లు ఎట్ల యాదికుంటయి?" తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "ఎందుకడుగుతున్నవ్? ఏమైంది?"

సుమన చెప్పింది. అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది.

కిందికి దిగి మల్లేశ్‌తో, "తప్పు మా దగ్గరనే జరిగింది అన్నా. కాగితం ఇప్పిస్త" అని చెప్పి బస్సెక్కించింది. అప్పటికి ఆమె ఆ మాట నమ్మే చెప్పింది.

మరునాడు మల్లికార్జున్ ఆమె చెప్పిందంతా చివరిదాకా విన్నాడు. అతను దుర్మార్గుడు కాదు. సుమన తండ్రికి ఆపరేషన్ అయినప్పుడు రెండు వారాలు సెలవిచ్చి, దవాఖానకు వచ్చి కూర్చున్న మనిషి. విన్నాక కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ముందు అది సరిజెయ్యి. ఇయ్యాళనే" అన్నాడు.

"నిన్ననే జేసిన సార్. మెసేజ్‌ను కమిట్ తర్వాతకు మార్చిన. గడి పొడవు పెంచిన."

"మంచిది. ఇగ ఆ సంగతి ఇడిసిపెట్టు."

"ఆయనకు కాగితం ఇయ్యాలె సార్."

"ఏమని ఇస్తవ్? మా ప్రోగ్రాంతోని మనిషి పోయిందనా? ట్రస్టోళ్లు వచ్చే నెల కాంట్రాక్టు మల్ల రాస్తరు. ఈ ఎనిమిది మంది ఎక్కడ పోవాలె?" కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మధ్యల నెంబర్లు పోవుడు ఏ డేటాబేస్‌లనైనా ఉంటది. అది సాక్ష్యం కాదు. నీకూ తెలుసు."

అది నిజమే. నెంబరు ఖాళీ ఉన్నంత మాత్రాన అక్కడ ఎవరో ఉన్నారని రుజువు కాదు. ఎవరున్నారో అంతకన్నా తెలియదు.

"మెసేజ్‌లు పంపే కంపెనీ దగ్గర ఏ నెంబరుకు ఎప్పుడు పోయిందో లిస్టు ఉంటది సార్. ముప్పై దినాలు ఉంచుతరు. జములమ్మది ఇంక ఆరు దినాలు ఉంటది. ఆ తర్వాత మూడింటివి గూడ దొరుకుతయి. పాస్‌వర్డ్ మీ దగ్గరనే ఉంది."

"అడుగుత."

మరునాడు అడిగితే మరిచిపోయానన్నాడు. ఆ తర్వాతి రోజు పాస్‌వర్డ్ పనిచేయడం లేదన్నాడు. ఒకరోజు కొల్లాపూర్ పోయాడు, ఇంకోరోజు ఫోను ఎత్తలేదు. సుమనే ఆ మెసేజ్‌ల కంపెనీకి మెయిల్ రాసింది. ఖాతా యజమాని అడిగితేనే ఇస్తామని జవాబు వచ్చింది. రెండు వారాల తర్వాత మల్లికార్జున్ తనంతట తానే పిలిచి తెర చూపించాడు. ముప్పై రోజులు దాటినవి లేవు అని అక్కడ ఉంది. అతను సుమన మొహంలోకి చూడలేదు.

జములమ్మ సంగతి తెలిసి ట్రస్టు వాళ్లు అడిగిన రిపోర్టు కూడా ఆ రోజే తయారైంది. రికార్డులన్నీ పరిశీలించామని, ఆ తేదీన వాటిలో జములమ్మ పేరుతో బుకింగ్ గానీ, మెసేజ్ గానీ లేదని. ఒక్క మాట కూడా అబద్ధం లేదు అందులో. సుమనను సంతకం పెట్టమన్నాడు. ఆమె పెట్టనంది. మల్లికార్జున్ తనే పెట్టి పంపించాడు.

సుమన ఇంట్లో కూర్చుని తెల్ల కాగితం మీద తన చేత్తో రాసింది. ఆ ప్రోగ్రాం రాసింది నేనే, జములమ్మకు నెంబరు ఇచ్చిన మాట నిజం, ఆ మెసేజ్ మా కంప్యూటర్ నుంచే పోయింది, పేరు చెరిగిపోవడానికి నా తప్పే కారణం, ఆమె భర్త చెప్పిందంతా సత్యం. కింద పేరు, తేదీ, సంతకం. ముద్ర లేదు.

ఆదివారం మల్లేశ్, సుమన పెబ్బేరు దగ్గర కలుసుకుని, అక్కడ బస్సు మారి మానవపాడు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. కురుమూర్తి ఇంటి పక్క కల్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. ఆ ఘాటుకు సుమనకు దగ్గు ఆగలేదు. కురుమూర్తి బావను రమ్మనలేదు, పొమ్మనలేదు. సుమనకు మాత్రం మంచినీళ్లు తెప్పించాడు. కాగితం రెండుసార్లు చదివాడు.

"ఇందుల కంపెనీ పేరు లేదేంది? ముద్ర లేదేంది?"

"కంపెనీ ఇయ్యలే. నేను రాసిన."

"నువ్వు మా బావకు ఏమైతవమ్మా?"

"ఏం గాను. నా తప్పుతోని జరిగింది. అందుకే వచ్చిన."

కురుమూర్తి ట్రస్టు వాళ్లు తనకిచ్చిన ఆ రిపోర్టు కాగితం మీద నెంబరు చూసి మల్లికార్జున్‌కు ఫోను చేశాడు. అందరికీ వినిపించేట్టు స్పీకర్ పెట్టాడు.

"ఆ అమ్మాయి మంచిదే అన్నా" అన్నాడు మల్లికార్జున్. "మనసు మెత్తన. ఆయన ఏడుస్తుంటె సూడలేక రాసి ఉంటది. మా రికార్డుల ఏం లేదు. అది వాస్తవం."

ఫోను పెట్టేశాక కురుమూర్తి కాగితాన్ని సుమనకే తిరిగిచ్చాడు. "ఇన్నవు గద" అన్నాడు. కోపంగా అనలేదు. అతని కళ్లల్లో నీళ్లున్నాయి. "చిన్నప్పుడు మా అక్కనే నన్ను ఎత్తుకోని తిరిగింది. నేను ఏది నమ్మాలె చెప్పు."

మానస లోపలి గడప దగ్గర నిలబడి అంతా వింటోంది. జడ వేసుకోలేదు. బయటికి వచ్చి తండ్రి వైపు చూడకుండా సుమన ముందు నిలబడింది.

"అక్కా, కంప్యూటర్ల మా అమ్మ పేరు ఎక్కెనా, ఎక్కలేదా?"

"ఎక్కింది మానసా. ఎక్కి చెరిగిపోయింది."

"ఎంతసేపు ఉండె?"

సుమన అబద్ధం చెప్పలేకపోయింది. "సెకను గూడ లేదు."

ఆ పిల్ల కాసేపు తల వంచుకుని ఆలోచించింది. నమ్మినట్టే కనిపించింది. మల్లేశ్ ఒక అడుగు ముందుకు వేశాడు.

"అంటే నాయిన నిజంగ తోలుకపోయిండు" అంది మానస. "మెసేజ్ గూడ నిజమే. అయితే మరి లిస్టుల లేదు అంటె ఎందుకు లేచి ఒచ్చిండు? ఆడనే కూసోవాలె గద. కొట్లాడాలె గద. మా అమ్మను ఎవరన్న గట్ల ఇంటికి తీసుకొస్తరా?"

మల్లేశ్ కూతురి వైపు తిరిగాడు.

"వాళ్లు కంప్యూటర్ సూసి చెప్పిన్రు బిడ్డా. నేనే ఏదో తప్పు సదివిన్నేమో అనుకున్న. నాదే తప్పు అనుకున్న."

మానస లోపలికి పోయింది. తలుపు వేసుకోలేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకోవడం బయటికే కనిపిస్తోంది. మల్లేశ్ గడప దగ్గరిదాకా వెళ్లి, లోపలికి అడుగుపెట్టకుండా వెనక్కి వచ్చాడు.

తిరుగు దారిలో బస్సు కోసం చాలాసేపు నిలబడ్డారు. సుమన ఏదో ఒకటి అనాలని చూసింది. తను రాకపోయి ఉంటే ఆ పిల్ల తండ్రిని అబద్ధమాడాడని మాత్రమే ద్వేషించేది. ఇప్పుడు నిజం తెలిసి, నిజమైన కారణంతో ద్వేషిస్తోంది. ఆ మాట అతనితో ఎలా అంటుంది?

"అన్నా, నన్ను తిట్టు. ఏదన్న అను" అంది చివరికి.

మల్లేశ్ ఆమె వైపు వింతగా చూశాడు. "నిన్నేమంటె ఏమొస్తది బిడ్డా. ఇగ ఎవ్వరికి గట్ల గాదు గద?"

"కాదు. మార్చిన."

"మిగతా పది మంది ఎట్లున్నరో?"

ఆ పది మంది సంగతి దారిలో తనే అతనికి చెప్పింది. ఎట్లున్నారో ఆమెకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. పేర్లు లేవు, ఊర్లు లేవు. వాళ్లలో ఎంతమంది మళ్లీ నెంబరు వేయించుకుని బతికి ఉన్నారో, ఎంతమంది తమదే పొరపాటనుకుని ఇంటికి పోయారో చెప్పగల వరుస ఏ పట్టికలోనూ లేదు. ఆమె తల అడ్డంగా ఊపింది.

మరుసటి నెల ట్రస్టు కాంట్రాక్టు మళ్లీ రాసింది. దానికి ముందే సుమన ఆ పని మానుకుంది. మల్లికార్జున్ ఆపలేదు. మంచి మాటలతో ఒక సర్టిఫికెట్ రాసిచ్చాడు. ఇంకో చోట పని అడగడానికి పోయినప్పుడు ముందు చోట ఎందుకు మానేశావని అడిగితే ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పేది. రెండు చోట్ల విని, తర్వాత చెబుతామన్నారు. మూడో చోటికి ఆమె పోలేదు.

మల్లేశ్ కౌలు భూమి వదిలేశాడు. మానస పదో తరగతి పాసై గద్వాలలో హాస్టల్‌లో చేరిందని అతనే ఫోనులో చెప్పాడు. ప్రతి ఆదివారం బస్సెక్కి అక్కడికి పోతున్నాడట.

"కలుస్తుందా అన్నా?" అని అడిగింది సుమన.

"లేదు. గేటు కాడ వాచ్‌మన్‌కు పండ్లు ఇచ్చి వస్త."

"తింటుందా?"

"తెల్వదు" అన్నాడు మల్లేశ్. "లోపల ఏమైతుందో నాకెట్ల తెలుస్తది."